ఫైలు తెర మీదికి వచ్చాక: కౌంటరుకు ఇవతలి నుంచి నా అనుభవం

పౌరుల రికార్డులను భద్రపరిచి, వాటిలో తప్పులుంటే సవరించి, అవసరమైనవారికి ధ్రువపత్రాలు ఇచ్చే ఒక సంస్థలో నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం సవరణల సెక్షన్‌లోనే గడిచింది. పేరులో అక్షరం తప్పు పడినవారు, పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నవారు, పెళ్లి తరువాత ఇంటిపేరు మారినవారు, పోయిన పత్రానికి నకలు కావలసినవారు మా దగ్గరికి వచ్చేవారు. ఈ పని కాగితం మీద నడిచిన కాలంలోనూ, సగం కాగితంగా సగం కంప్యూటరుగా నడిచిన కాలంలోనూ, చివరికి పూర్తిగా పోర్టల్‌లోకి మారిన కాలంలోనూ నేను అదే సెక్షన్‌లో ఉన్నాను. సాంకేతికత వచ్చాక ప్రజలు సంస్థల నుంచి ఆశించేది మారిపోయిందని అందరూ అంటారు. అయితే ఆ మార్పును ‘ఇప్పుడు జనానికి అన్నీ వెంటనే కావాలి’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. నేను చూసింది అది కాదు. తొందర పెరిగిన మాట నిజమే కానీ, తమ విషయంలో తీసుకున్న నిర్ణయానికి కారణం తెలుసుకోవాలన్న పట్టుదల అంతకంటే ఎక్కువ పెరిగింది. సంస్థలు మొదటిదానికి డబ్బు ఖర్చుపెట్టి, రెండోదాన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

కాగితం కాలంలో దరఖాస్తు చేతికి రాగానే ఇన్‌వార్డ్ రిజిస్టరులో నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, చిన్న రసీదు చింపి ఇచ్చేవాళ్లం. ఆ తరువాత ఆ కాగితం ఏమైందో బయటివారికి తెలిసే మార్గం లేదు. లోపలివారికీ అంత సులువుగా తెలిసేది కాదు. గుమాస్తా పాత రికార్డు తెప్పించి, నోటు రాసి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాలి. అక్కడి నుంచి అది అధికారి గదికి వెళ్లాలి. సంతకమయ్యాక తిరిగి డిస్పాచ్‌కు రావాలి. మధ్యలో ఏ బల్ల దగ్గర ఎన్నాళ్లు ఆగిందో ఆ బల్లకే తెలుసు. వచ్చినవారిలో ఎక్కువమంది అడిగేది ఒకే ప్రశ్న: “పని అవుతుందా అండీ?” ఎప్పుడవుతుందని గట్టిగా అడిగేవారు తక్కువ. ఎందుకు కాలేదని అడిగేవారు మరీ తక్కువ. లోపల తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని మాత్రం చాలామంది వాకబు చేసుకునేవారు. అప్పట్లో మా అధికారం సంతకంలో కంటే సమాచారంలో ఎక్కువగా ఉండేది. ఫైలు ఎక్కడుందో చెప్పగలిగిన అటెండరుకు, ఆ ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి కూడా దక్కనంత మర్యాద దక్కేది.

పోర్టల్ తయారీకి ముందు సాఫ్ట్‌వేర్ బృందం మా సెక్షన్‌లో వారాల తరబడి కూర్చుంది. దరఖాస్తు లోపలికి వచ్చిన క్షణం నుంచి ధ్రువపత్రం బయటికి వెళ్లేవరకు అది ఏ చేతి నుంచి ఏ చేతికి పోతుందో గోడకు అతికించిన పెద్ద కాగితం మీద గీశారు. మా పనిని మేము అలా ఒక్కచోట గీసి చూసుకోవడం అదే మొదలు. మేము పని అనుకున్నదాంట్లో అసలు పని చాలా తక్కువనీ, మిగిలిందంతా ఎదురుచూపేననీ ఆ కాగితం మీద స్పష్టంగా కనిపించింది. పాత రికార్డుతో సరిపోల్చి నోటు రాయడానికి ఒక గంట చాలు. ఆ నోటు తరువాతి బల్లను చేరడానికి వారం పట్టేది. బృందంలోని ఒక యువకుడు ప్రతి మెట్టు దగ్గరా ఆగి, “మేడమ్, ఈ సంతకం ఎందుకు?” అని అడిగేవాడు. కొన్నింటికి జవాబు ఉండేది: దొంగ సవరణలు జరగకుండా రెండో మనిషి ఒకరు చూడాలి, పాత ఎంట్రీని కొట్టివేసేముందు దాని మీద ఆధారపడ్డ ఇతర రికార్డులు సరిచూడాలి. కొన్నింటికి ‘మొదటి నుంచీ ఉంది’ అన్నది తప్ప మరో జవాబు లేదు. అటువంటి సంతకాల్లో కొన్నిటిని తీసేశారు. కొన్నిటిని తీసేయడానికి పైవారు ఒప్పుకోలేదు.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది స్టేటస్ మీద. దరఖాస్తుదారుకు తెర మీద ఏమి కనిపించాలి? మా అధికారులు మూడు మాటలు చాలన్నారు: అందింది, పరిశీలనలో ఉంది, పూర్తయింది. సాఫ్ట్‌వేర్ బృందం అన్ని మెట్లూ చూపిద్దామంది. ఏ గుమాస్తా దగ్గర ఉందో తెలిస్తే జనం నేరుగా ఆ గుమాస్తా మీదికే వస్తారని అధికారులు భయపడ్డారు. పైగా లంచం అడగదలచినవారికీ ఇవ్వదలచినవారికీ అది దారి చూపించినట్టే అవుతుందని మా సూపరింటెండెంటు గారు అన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదని నాకూ తెలుసు. చివరికి మధ్యేమార్గంగా, దరఖాస్తు ఏ విభాగంలో ఉందో చూపించాలి, ఎవరి దగ్గర ఉందో చూపించకూడదు, గడువు తేదీ మాత్రం తప్పక కనిపించాలి అని తేల్చారు. ఇంత చర్చ జరిగిన ఆ సమావేశాల్లో, ‘తిరస్కరించడమైనది’ అన్న మాట పక్కన ఏముండాలన్న విషయం అయిదు నిమిషాల్లో ముగిసిపోయింది. ఎంచుకోవడానికి నాలుగు కారణాలతో ఒక జాబితా పెట్టారు: పత్రాలు అసంపూర్ణం, వివరాలు సరిపోలలేదు, అర్హత లేదు, ఇతరములు. తరువాత మాకు వచ్చిన గొడవల్లో అధిక భాగం ఆ అయిదు నిమిషాల్లో పుట్టినవే.

పోర్టల్ మొదలైన రోజు సర్వర్ మొరాయించింది. దాని గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. మాకంటే ఎన్నో రెట్లు డబ్బూ మనుషులూ ఉన్న చోట కూడా అదే జరిగింది. అమెరికాలో ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు మొదలైనప్పుడు లక్షల మంది దాన్ని తెరిచారు. తొలిరోజు నమోదు పూర్తిచేయగలిగినవారు ఆరుగురు. మా పోర్టల్ కొన్ని వారాల్లో కుదుటపడింది, జనం కూడా ఆ తొలి ఇబ్బందిని త్వరగానే మరిచిపోయారు.

సాధారణ దరఖాస్తులకు పట్టే సమయం నిజంగానే తగ్గింది. నెలలు పట్టేవి వారాల్లో, నకళ్ల వంటివి కొద్ది రోజుల్లో పూర్తి కాసాగాయి. దాంతో ఫిర్యాదులు తగ్గుతాయనుకున్నాం. పెరిగాయి. మా పై అధికారి ఒకరు దీన్ని కృతఘ్నతగానే భావించారు. ఎంత చేసినా జనానికి తృప్తి ఉండదని నిట్టూర్చారు. నాకు అలా అనిపించలేదు. లోపల జరిగేది ఏమీ కనిపించనప్పుడు ఆలస్యాన్ని పట్టి చూపించడానికి దరఖాస్తుదారు చేతిలో ఏ ఆధారమూ లేదు. కార్యాలయాలంటే ఇంతేనని సరిపెట్టుకునేవారు. ఇప్పుడు ‘రికార్డుల విభాగంలో ఉంది’ అన్న వాక్యం రెండు వారాల పాటు కదలకుండా కళ్ల ముందు కనిపిస్తుంటే, ఆ ఆలస్యానికి ఒక చోటు దొరికింది, ఒక తేదీ దొరికింది. ఫోనులో స్క్రీన్‌షాట్ తీసుకుని వచ్చేవారు. ప్రశ్నలు కూడా మారాయి. “నా తరువాత పెట్టిన మా చెల్లెలి దరఖాస్తు అయిపోయింది, నాది ఎందుకు కాలేదు?” “గడువు నిన్నటితో దాటింది, ఇప్పుడు ఎవరిని అడగాలి?” “ఇతరములు అంటే ఏమిటండీ?”

ఇలా అడగడం జనం మా దగ్గర నేర్చుకోలేదు. 1994లోనే ఫెడెక్స్ అనే కొరియర్ సంస్థ తన వెబ్‌సైటులో పార్సిల్ జాడను వినియోగదారు తానే చూసుకునే ఏర్పాటు చేసింది. ఆ తరువాత ఏ వస్తువు తెప్పించుకున్నా అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడం మామూలైపోయింది. డబ్బు విషయంలోనూ అంతే. బ్రిటన్‌లో 2008లో మొదలైన ఫాస్టర్ పేమెంట్స్, బ్రెజిల్‌లో 2020 నవంబరులో మొదలైన పిక్స్ వంటి చెల్లింపు వ్యవస్థలు, బ్యాంకు తెరిచేదాకా ఆగాలన్న అలవాటునే చెరిపేశాయి. పిక్స్‌లో పంపిన డబ్బు పది సెకన్లలోపు అవతలి ఖాతాలో పడాలన్నది నియమం. రోజంతా ఇటువంటి సేవల మధ్య గడిపే మనిషి మా గుమ్మం ఎక్కగానే వేరే మనిషిగా మారిపోవాలని ఆశించడంలో అర్థం లేదు.

అయితే ఆ పోలిక మాకు పూర్తిగా వర్తించదని నేను సహోద్యోగుల పక్షాన చెప్పాలి. పార్సిల్ ఎవరికి చేరాలో ముందే తేలిపోయింది. దారిలో ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. మా దగ్గర రెండు పుట్టిన తేదీల్లో ఏది నిజమో ఒక మనిషి తేల్చాలి, అది తప్పయితే ఒకరి ఉద్యోగమో వారసత్వమో తారుమారవుతుంది. కాబట్టి పార్సిల్ వేగాన్ని మా నుంచి ఆశించడం సబబు కాదు. కానీ నేను గమనించినంతలో ఎక్కువమంది అడిగింది ఆ వేగాన్ని కాదు. ఒక యువకుడు తండ్రి పేరు సవరణ కోసం వచ్చి అన్న మాట నాకు బాగా గుర్తుంది: “మేడమ్, ఇంకో నెల పడుతుందంటే పడనివ్వండి. దేనికోసం ఆగిందో చెప్పండి. ఆ కాగితం నా దగ్గరే ఉంటే ఇప్పుడే తెచ్చిస్తాను.” ఆ దరఖాస్తు నిజంగానే ఒక కాగితం కోసమే ఆగి ఉంది. ఏ కాగితం కావాలో రాయడానికి మా స్క్రీన్‌లో చోటే లేదు.

గడువు తేదీ కనిపించడం మొదలయ్యాక లోపల మరొకటి జరిగింది, అది బయటివారికి తెలిసే అవకాశం తక్కువ. ఏ సెక్షన్‌లో ఎన్ని దరఖాస్తులు గడువు దాటాయో పై అధికారుల డ్యాష్‌బోర్డులో ఎర్రగా వెలిగేది. ప్రతి సోమవారం సమీక్షలో ఆ ఎరుపు గురించే మాట్లాడేవారు. ‘వివరణ కోరడమైనది’ అని దరఖాస్తును తిప్పి పంపితే గడియారం ఆగుతుందని, దరఖాస్తుదారు జవాబిచ్చాక మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని గుమాస్తాలు త్వరలోనే కనిపెట్టారు. ఆ తరువాత గడువు ముగిసే ముందు రోజుల్లో వివరణలు కోరడం బాగా ఎక్కువైంది. అప్పటికే జతచేసిన పత్రాన్నే మళ్లీ జతచేయమని అడిగిన సందర్భాలున్నాయి. దీన్ని సోమరితనమని తీసిపారేయడానికి లేదు. సిబ్బంది సంఖ్య పెరగకుండా గడువు మాత్రమే తగ్గినప్పుడు మనుషులు లెక్కను కాపాడుకుంటారు. కానీ సంస్థ తన పనితీరును ఏ అంకెతో కొలుచుకుంటుందో ఆ అంకె బాగుపడుతుండగానే, అవతల కూర్చున్న మనిషి అనుభవం పాడవుతూ ఉండవచ్చని నేను అక్కడ చూశాను. డ్యాష్‌బోర్డు పచ్చబడింది. కౌంటరు దగ్గర గొంతులు పెరిగాయి.

పేర్ల సరిపోలిక దగ్గర వచ్చిన ఇబ్బంది ఇంకా లోతైనది. పోర్టల్ వచ్చాక దరఖాస్తులోని పేరును ఇతర సంస్థల రికార్డులతో కంప్యూటరే పోల్చి చూసేది. అక్షరానికి అక్షరం సరిపోవాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉన్నా, పేరులోని రెండు భాగాల మధ్య ఒకచోట ఖాళీ ఉండి మరోచోట లేకపోయినా అది ‘వివరాలు సరిపోలలేదు’ అని తిప్పికొట్టేది. తన పేరులో తప్పు సరిచేయమని వచ్చిన మనిషికి, నీ పేరు సరిపోలలేదు కాబట్టి సరిచేయలేమని జవాబు రావడంలోని విడ్డూరం మాకందరికీ తెలుస్తూనే ఉంది. పాత రోజుల్లో అయితే గుమాస్తా రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనని నోటు రాసేవాడు. పోర్టల్ వచ్చాక ఆ నోటు రాసే అధికారం ఎవరికీ లేకుండా పోయింది. కౌంటరు దగ్గర ఒక కొత్త వాక్యం పుట్టింది: “సిస్టమ్ తీసుకోవడం లేదండీ.” పాత వాక్యమైన ‘రేపు రండి’ కంటే ఇది ప్రమాదకరమని నా అభిప్రాయం. ‘రేపు రండి’ అన్న మనిషితో పోట్లాడవచ్చు. సిస్టమ్ తీసుకోవడం లేదన్నప్పుడు పోట్లాడడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

ఇది ఎక్కడికి దారితీస్తుందో తెలుసుకోవడానికి మేము మరీ వెతకనక్కర్లేకపోయింది. మాకు జరిగిన ఒక శిక్షణలో రెండు ఉదాహరణలు చర్చకు వచ్చాయి. బ్రిటన్ పోస్టాఫీసులో 1999 నుంచి వాడుకలోకి వచ్చిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, శాఖల ఖాతాల్లో నిజంగా లేని లోటును ఉన్నట్టు చూపించేది. కంప్యూటరు చెప్పిందే నిజమనుకుని శాఖలు నడిపేవారి మీద కేసులు పెట్టారు. 2015 వరకు సాగిన ఆ కేసుల్లో 900 మందికి పైగా దోషులుగా తేలారు. 2019లో హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్ లోపాలను నిర్ధారించింది; 2024లో ఆ శిక్షలను ఏకంగా చట్టం చేసి రద్దు చేయవలసివచ్చింది. ఆస్ట్రేలియాలో రోబోడెట్‌గా పేరుపడిన పథకం, ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాల భాగాలకు సమానంగా పంచి కంప్యూటరుతో లెక్కవేసి, ప్రభుత్వ సహాయం పొందిన నాలుగు లక్షల మందికి పైగా ప్రజలు ప్రభుత్వానికి బాకీ ఉన్నారని తేల్చింది. కొన్ని నెలలు పనిచేసి కొన్ని నెలలు పని దొరకనివారికి ఆ సగటు లెక్క పొసగదన్నది చిన్న విషయం, కానీ దాన్ని చెప్పుకునే చోటు లేదు. మొదట్లో పంపిన ఉత్తరాల్లో ఆ విషయాలు చూసే సహాయ కేంద్రం ఫోను నంబరు కూడా లేదని ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అక్కడి అంబుడ్స్‌మన్ 2017లో ఎత్తిచూపారు. 2023 జూలైలో రాయల్ కమిషన్ అనే ఉన్నతస్థాయి విచారణ సంఘం ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. శిక్షణలో మిగతావారంతా సాఫ్ట్‌వేర్ లోపం గురించి మాట్లాడారు; నా మనసు ఆ లేని ఫోను నంబరు దగ్గర ఆగింది. లెక్క తప్పడం ఏ వ్యవస్థలోనైనా జరుగుతుంది. తప్పిందని చెప్పుకోవడానికి మనిషి లేకుండా చేయడం మాత్రం ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం.

తిరస్కరణలపై అప్పీళ్లు పెరిగిపోయాక, తిరస్కరణ కారణాల ఆ జాబితాను మార్చడానికి మా సంస్థ ఒక చిన్న కమిటీ వేసింది. కౌంటరు అనుభవం ఉందని నన్నూ అందులో చేర్చారు. నేను అడిగింది ఒకటే: ‘ఇతరములు’ తీసేయాలి, తిరస్కరించిన ప్రతిసారీ ఏ పత్రంలో ఏ వివరం ఎందుకు చాలలేదో, ఏది తెస్తే చాలుతుందో, ఎవరికి అప్పీలు చేయాలో అధికారి తన మాటల్లో రాయాలి. దీనికి వచ్చిన అభ్యంతరాలు రెండు. ఒకటి, సమయం పడుతుందని. అది నిజమే, కొద్దిగా పడుతుంది. రెండోది ఒక సీనియర్ అధికారి కాస్త గొంతు తగ్గించి చెప్పినది: “కారణం రాస్తే దాన్ని పట్టుకుని సవాలు చేస్తారమ్మా.” సవాలు చేయడానికే కదా కారణం అని నేనన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

నిజానికి కారణం చెప్పాలన్నది సాంకేతికత తెచ్చిన కొత్త కోరిక కాదు. ప్రభుత్వ పత్రాలను పౌరులు చూడవచ్చన్న నియమం స్వీడన్‌లో 1766 నాటిది. తమకు ప్రతికూలంగా వచ్చిన పాలనా నిర్ణయాలకు కారణాలు తెలుసుకునే హక్కును ఫ్రాన్స్ 1979లో చట్టంగా చేసింది. భారతదేశపు సమాచార హక్కు చట్టం, 2005లోని నాలుగో సెక్షన్, నిర్ణయాల వల్ల ప్రభావితమైనవారికి కారణాలు తెలపాలని సంస్థలకే బాధ్యత పెట్టింది. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల పత్రంలోని 41వ అధికరణం కూడా అదే చెబుతుంది. హక్కు చట్టాల్లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని అడగాలంటే ప్రత్యేకంగా అర్జీ రాసుకుని, దాని వెంట తిరగవలసి వచ్చేది కాబట్టి పట్టుదల ఉన్నవారే అడిగేవారు. స్టేటస్ చూపించే తెర వచ్చాక కారణం ఉండవలసిన చోటు ఖాళీగా ఉందన్న సంగతి ప్రతివారి కంటికీ కనిపించింది. కనిపించిన ఖాళీని మామూలు మనుషులు అడగకుండా వదలరు.

మా మార్పు కొంతవరకే ఫలించింది. కొందరు అధికారులు ఒక వాక్యం తయారుచేసి పెట్టుకుని అన్నిటికీ అదే అతికించారు. ఆ గడిలో అక్షరాల పరిమితి పెట్టడం వల్ల చిక్కు కేసుల్లో వాక్యం మధ్యలోనే తెగిపోయేది. కానీ శ్రద్ధగా రాసినచోట తేడా తెలిసింది. ‘పాఠశాల రికార్డులో పుట్టిన సంవత్సరం దిద్ది ఉంది, దిద్దినచోట సంతకం లేదు, పాఠశాల నుంచి ధ్రువీకరణ తెస్తే సరిపోతుంది’ అని రాస్తే, ఆ మనిషి రెండోసారి వచ్చేటప్పుడు సరైన కాగితంతో వచ్చేవాడు, విసుగు లేకుండా మాట్లాడేవాడు. అప్పీళ్లు తగ్గలేదు, కానీ వాటి తీరు మారింది. పాత అప్పీళ్లలో ఎక్కువ భాగం ఆవేదన. కొత్తవాటిలో వాదన ఉండేది. మాకు వాదనతో పని సులువు, దానికి అవుననో కాదనో జవాబు రాయవచ్చు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఈ అర్జీల భాష మళ్లీ మారిపోయింది. అప్పటిదాకా రెండు పంక్తులు రాయడానికి తడబడినవారి పేరు మీద కూడా సెక్షన్ నంబర్లతో, క్రమబద్ధమైన పేరాలతో ఉత్తరాలు రాసాగాయి. వాటిలో కొన్ని మా నియమావళిలో లేని నియమాలను ఎంతో ధీమాగా ఉటంకించేవి. అటువంటి సెక్షన్ ఏదీ లేదని జవాబు రాయడం మాకొక అదనపు పని అయింది. దీని మీద సెక్షన్‌లో హాస్యాలు నడిచాయి. నాకు మాత్రం ఇందులో మంచే ఎక్కువ కనిపించింది. అర్జీ రాసిపెట్టడానికి డబ్బు తీసుకునే మధ్యవర్తి మీద ఆధారపడిన మనిషి ఇప్పుడు తన గోడు తానే చెప్పుకోగలుగుతున్నాడు. అయితే అంత వివరంగా అడిగినవారు అంతే వివరమైన జవాబు ఆశిస్తారు, ‘నిబంధనల మేరకు పరిశీలించడమైనది’ అన్న పాత వాక్యంతో వారు వెనుదిరగరు. మా వైపు నుంచి సంస్థ కూడా ఒక చాట్‌బాట్ పెట్టింది. పనివేళలు, జతచేయవలసిన పత్రాల వంటివి అది బాగానే చెప్పేది. ‘నా దరఖాస్తు ఎందుకు ఆగింది’ అంటే మాత్రం స్టేటస్ పేజీకి పంపేది. అక్కడ ఏముందో చూసుకునే కదా ఆ మనిషి దాన్ని అడిగింది!

ఒక మహిళ వచ్చి అడిగిన ప్రశ్న వీటన్నిటికంటే కొత్తది. ఆమె సవరణ సజావుగానే పూర్తయింది. పత్రం తీసుకుని వెళుతూ, “నా రికార్డును మీ ఆఫీసులో ఇప్పటివరకు ఎవరెవరు తెరిచి చూశారో నాకు చూపిస్తారా?” అని అడిగింది. విడాకుల వివాదంలో ఉన్నాననీ, తన కొత్త చిరునామా అవతలివారికి ఎలా తెలిసిందో అర్థం కావడం లేదనీ చెప్పింది. ఎవరు ఏ రికార్డు తెరిచారన్నది మా వ్యవస్థలో నమోదవుతుంది, కానీ అది లోపలి తనిఖీ కోసమే. ఆ రికార్డు ఎవరిదైతే ఆ మనిషికి దాన్ని చూపించే ఏర్పాటు లేదు. ఎస్తోనియాలో, 2001లో మొదలైన ఎక్స్‌రోడ్ అనే సమాచార మార్పిడి వ్యవస్థ మీద నడిచే సేవల్లో, తమ వివరాలను ఏ సంస్థ చూసిందో పౌరులు ఆన్‌లైన్‌లో తామే చూసుకోవచ్చు. ఆమెకు ఎస్తోనియా సంగతి తెలిసి అడగలేదు. తన మెయిల్ ఖాతాలో ఎవరు ఏ ఫోను నుంచి లాగిన్ అయ్యారో చూసుకునే అలవాటుతో అడిగింది. ఆమె చేత రాతపూర్వకంగా అర్జీ పెట్టించి తనిఖీ విభాగానికి పంపాను. ఆ విభాగం నుంచి ఆమెకు జవాబు వెళ్లింది గానీ, పేర్లు ఇవ్వలేదు. జనం మా కదలికలను తెలుసుకోవాలనుకోవడం ఇకముందు పెరుగుతుందే తప్ప తగ్గదని నాకు అప్పుడే అనిపించింది.

ఇంత మార్పు జరిగాక కౌంటరుకు ఎవరు వస్తున్నారన్నది సంస్థలు సరిగా చూసుకోవడం లేదని నా ఫిర్యాదు. తేలిక పనులన్నీ ఇంటి దగ్గరే అయిపోతున్నాయి. ఓటీపీ వచ్చే ఫోను తన పేరున లేనివారు, వేలిముద్రలు అరిగిపోయినవారు, కంప్యూటరు సరిపోల్చలేని పేర్లున్నవారు, మూడు సంస్థల రికార్డుల్లో మూడు రకాలుగా నమోదైనవారు మాత్రమే మనిషిని వెతుక్కుంటూ వస్తున్నారు. అంటే కౌంటరు దగ్గరికి ఇప్పుడు వచ్చేవన్నీ చిక్కు కేసులే. అక్కడ కూర్చోబెట్టేది మాత్రం కొత్తగా చేరినవారిని, ఒప్పంద సిబ్బందిని; వారికి స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించడం తప్ప మరో అధికారం లేదు. దరఖాస్తుదారు ఆ స్క్రీన్‌ను ఇంట్లోనే చూసుకుని వచ్చాడు. అనుభవం ఉన్నవారిని లోపలి గదుల్లో పెట్టి, అనుభవం లేనివారిని చిక్కు కేసుల ముందు నిలబెట్టడం కాగితం కాలపు అలవాటు. అప్పుడు కౌంటరు పని కాగితాలు తీసుకోవడమే కాబట్టి అది చెల్లింది.

నేను బదిలీ అయ్యే ముందు ఈ విషయం రాతపూర్వకంగా పెట్టాను. ఒక్క కిటికీనైనా సీనియర్ సిబ్బందికి ఇవ్వాలనీ, రెండు పత్రాల్లోని మనిషి ఒకరేనని విచారించి నోటు రాసే అధికారం ఆ కిటికీకి ఉండాలనీ, ఆ నోటు మీద రాసినవారి పేరు దరఖాస్తుదారుకు కనిపించాలనీ అడిగాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు. ఆ కిటికీ ఇప్పుడు వారంలో కొన్ని రోజులు పనిచేస్తోంది, దాని ముందు వరుస మిగతావాటికంటే పొడవుగా ఉంటుందని పాత సహోద్యోగులు చెబుతున్నారు. పేరు చూపించే విషయంలో, సిబ్బంది భద్రత దృష్ట్యా వీలుకాదని జవాబు వచ్చింది. పేరుకు బదులు ఒక ఉద్యోగి సంఖ్య ఇస్తున్నారు. ఆ సంఖ్యతో ఫోను చేస్తే ఎవరికి కలుపుతారన్నది ఇంకా తేల్చలేదు.